గురుద్వారా జంక్షన్ దగ్గర పాత అపార్ట్‌మెంట్ కూల్చి షాపులు, ఆఫీసులు, ఫ్లాట్లు కలిపి కడతామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

సీతమ్మధార_సెకండ్‌ఫ్లోర్

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు, ఇప్పుడు నిజంగా సలహా కావాలి. మాది వైజాగ్‌లో గురుద్వారా జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో 1987లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద అయిదు షాపులు, పైన మూడు ఫ్లోర్లు, 18 ఫ్లాట్లు, స్థలం వెయ్యి గజాలు. నాన్నగారు పోర్టులో పని చేస్తుండగా లోన్ పెట్టి కొన్నారు, ఇప్పుడు నా పేరు మీద ఉంది. సముద్రపు గాలికి స్లాబులో చువ్వలు తుప్పు పట్టి ఉబ్బిపోయాయి. 2014లో హుద్‌హుద్ తర్వాత అందరం చందా వేసుకుని పెద్ద రిపేరు చేయించాం గానీ మళ్లీ మామూలే. మొన్న దసరా ముందు వంటింట్లో సీలింగ్ పెచ్చు ఊడి స్టవ్ పక్కన పడింది, అంతకు పది నిమిషాల ముందు అక్కడే నిలబడి పోపు పెట్టాను.

ఇప్పుడు ఒక బిల్డర్ వచ్చాడు. మా పక్కనున్న పాత పెంకుటిల్లు 600 గజాలు కూడా కలిపి కడతాడట, కింద రెండు ఫ్లోర్లు షాపులు, మూడోది ఆఫీసులు, ఆ పైన ఫ్లాట్లు. నా 900 చదరపు అడుగులకి బదులు 1,150 ఇస్తాడట, కట్టినన్నాళ్లూ అద్దె ఇస్తాడట, 28 నెలల్లో తాళాలు చేతిలో పెడతాడట. మాది 30 అడుగుల రోడ్డు, మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులు చూపిస్తున్నారు కాబట్టి ముందు భాగం కార్పొరేషన్‌కి ఇచ్చేస్తే దానికి బదులు టీడీఆర్ అని ఎక్కువ కట్టుకునే హక్కు వస్తుంది, దాంతో ఇంకా పైకి కట్టుకోవచ్చు, మెట్రో కూడా మన ముందు నుంచే వెళ్తుంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అంటున్నాడు. 18 మందిలో 11 మంది రెడీ. నాకు కొత్త ఇల్లు కావాలి, అది దాచుకోవడం లేదు. కానీ డ్రాఫ్ట్ 40 పేజీలు ఇంగ్లీషులో ఉంది, ఆదివారం మీటింగ్‌లో సంతకాలు అంటున్నారు. ఏం చూసుకోవాలి?

గాజువాక_గురు

ఏటండీ మేడం, పెచ్చులు స్టవ్ మీద పడుతుంటే ఇంకా ఆలోచిస్తారేటి, సంతకం పెట్టేయండి. మెట్రో మొదటి దశ 46 కిలోమీటర్ల పైచిలుకు, మూడు కారిడార్లు, అందులో ఒకటి మీ గురుద్వారా దగ్గరే మొదలై కాంప్లెక్స్, డాబాగార్డెన్స్, పూర్ణా మార్కెట్ మీదుగా పాత పోస్టాఫీసు దాకా. అది కట్టడం మొదలయ్యాక బిల్డర్లు మీ వీధిలో లైన్ కడతారు గానీ మీ బిల్డింగ్ అప్పటిదాకా నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న. మా గాజువాకలో ఇలాగే నాన్చి నాన్చి ఒక బిల్డింగ్ వాళ్లు చివరికి సగం రేటుకి ఇచ్చుకున్నారు.

ప్లాన్_పాస్

మేడం, నేను ఇరవై ఏళ్లుగా ప్లాన్లు గీసి అప్రూవల్‌కి పెట్టే పనిలో ఉన్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన రాష్ట్రంలో ఎత్తు అనేది రోడ్డు వెడల్పు, స్థలం సైజు, సెట్‌బ్యాక్‌ల (చుట్టూ వదిలే ఖాళీ) మీద ఆధారపడుతుంది. అందుకే బిల్డర్‌కి పక్క 600 గజాలూ కావాలి, ముందు రోడ్డూ వెడల్పు కావాలి. మీ ఒక్క వెయ్యి గజాలు 30 అడుగుల రోడ్డు మీద ఉంటే అతనికి మిగిలేది పెద్దగా ఉండదు. పైగా వైజాగ్‌లో ఇంకోటుంది, ఇక్కడి నేవీ ఎయిర్‌ఫీల్డ్ ఐఎన్‌ఎస్ డేగా వల్ల ఎత్తుకి నేవీ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, చూసుకోవాలి. ఇన్ని ఫ్లోర్లు వేస్తానని నోటితో చెప్పడం వేరు, ఆ ఎన్‌ఓసీ కాగితం చూపించడం వేరు.

ఇక అసలు విషయం టీడీఆర్. రోడ్డు కోసం స్థలం వదిలితే కార్పొరేషన్ డబ్బు ఇవ్వకుండా ఒక బాండ్ ఇస్తుంది. అది స్థలం ఓనరు పేరు మీద వస్తుంది. దాన్ని ఇంకో చోట కట్టుకునేవాళ్లకి అమ్ముకోవచ్చు, మార్కెట్లో కొనేవాళ్లు ఉన్నారు. మీరు వదిలే స్థలం ఎవరిది? మీ 18 మందిది, షాపుల ఓనర్లది, ఆ పెంకుటింటి వాళ్లది. మరి బాండ్ ఎవరి పేరు మీద రాశాడు? డ్రాఫ్ట్‌లో ఎక్కడో మధ్యలో ఉంటుంది, 'ప్రభుత్వం నుంచి వచ్చే అన్ని రాయితీలు, హక్కులు డెవలపర్‌కే చెందును' అన్న అర్థం వచ్చే లైను. అది వెతకండి. ఇన్ని డ్రాఫ్ట్‌లు చూశాను, అది లేనిది చాలా అరుదు.

ఇంకోటి యూడీఎస్, అంటే బిల్డింగ్ కింద భూమిలో మీ ఉమ్మడి వాటా. ఇప్పుడు మీ వాటా సుమారు 45 గజాలు ఉంటుంది. రేపు 1,600 గజాల్లో రోడ్డుకి పోయింది పోగా మిగిలినదాన్ని అరవై ఫ్లాట్లు, రెండు ఫ్లోర్ల షాపులు, ఆఫీసులు పంచుకుంటాయి. ఇల్లు పెద్దదవుతుంది, భూమి సగానికి పైగా తగ్గిపోతుంది. తప్పని నేను అనను, కానీ ఆ లెక్క మీకు మీరుగా వేసుకుని ఒప్పుకోవాలి.

సీతమ్మధార_సెకండ్‌ఫ్లోర్

చాలా థాంక్స్ అండి. ఇప్పుడే వెతికాను, 14వ క్లాజులో ఉంది. మీరు చెప్పినట్టే టీడీఆర్ అన్న మాట కూడా ఉంది, 'శాశ్వతంగా డెవలపర్‌కి' అని. మూడుసార్లు చదివాను. మా సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే ఆయనకి కూడా తెలీదు.

అల్లిపురం_అద్దె

నేను ఓనర్ కాదు, అద్దెకుండే అమ్మాయిని, మధురవాడలో జాబ్, అల్లిపురంలో ఇల్లు, రోజూ రెండు బస్సులు. అందరూ ఓనర్‌కి ఎంత, బిల్డర్‌కి ఎంత అనే మాట్లాడుతున్నారు గానీ ఇందులో ఊరు ఇచ్చేది కూడా ఉంది కదా. రోడ్డు వెడల్పు చేసేది జనం డబ్బుతో, మెట్రో వేసేది జనం డబ్బుతో, అదనపు అంతస్తు అనేది కూడా ఊరు ఇచ్చే హక్కే. ఆ మాటకొస్తే ఊళ్లో పెద్ద వాటికి ఇచ్చినవి చూడండి. 2025లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి ఇంకో 21 ఎకరాలు అలాగే, బీచ్ రోడ్డు హార్బర్ పార్క్ దగ్గర లులుకి 13 ఎకరాల పైచిలుకు 99 ఏళ్ల లీజుకి. లులుది 2019లో రద్దు చేసి మళ్లీ తీసుకొచ్చారు. ఇవ్వొద్దని నేననను, ఉద్యోగాలు వస్తే మా ఫ్రెండ్స్ హైదరాబాద్, బెంగళూరు నుంచి తిరిగొస్తారు. కానీ ఆ వార్త వచ్చిన నెలకే మా ఆఫీసు చుట్టుపక్కల ఇళ్ల ఓనర్లు అద్దె పెంచేశారు. అందుకే నేను అక్కడికి మారలేక ఇంకా రెండు బస్సులు ఎక్కుతున్నా. కంపెనీకి రాయితీ రాశారు, మా అద్దె సంగతి ఏ జీవోలోనూ లేదు.

గాజువాక_గురు

చెల్లెమ్మా నువ్వు చెప్పింది కాదనను గానీ ఒక్కటి ఆలోచించు. స్టీల్ ప్లాంట్ రాకముందు గాజువాక అంటే ఏటుండేది? ప్లాంట్ వచ్చాకే షాపులు, స్కూళ్లు, సినిమా హాళ్లు. భూమి ఖాళీగా పడుంటే ఎవరికి లాభం. టీసీఎస్ పన్నెండు వేల ఉద్యోగాలు అంటుంది, కాగ్నిజెంట్ ఎనిమిది వేలు అంటుంది, అందులో సగం వచ్చినా మా పిల్లలు ఊరు వదిలి వెళ్లక్కర్లేదు. మా అబ్బాయి హైదరాబాద్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు, వాళ్లమ్మ పండక్కి తప్ప చూడట్లేదు. నాకది ముఖ్యం.

అల్లిపురం_అద్దె

అన్నా అది నాకూ ముఖ్యమే. కాకపోతే స్టీల్ ప్లాంట్‌కి భూములిచ్చిన ఊళ్ల వాళ్లు ఇప్పటికీ ఆర్ కార్డులు (నిర్వాసితులకి ఇచ్చిన కార్డులు) పట్టుకుని ఉద్యోగాల కోసం తిరుగుతున్నారు, అదీ గాజువాక పక్కనే కదా. ఇచ్చేటప్పుడే రాయించుకోకపోతే తర్వాత ఎన్నేళ్లు తిరగాలో వాళ్లని చూస్తే తెలుస్తుంది.

గాజువాక_గురు

అది నిజమే. మా వీధిలోనే ఇద్దరున్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

చికాగో_వాల్తేరు

మాది పెదవాల్తేరు, చికాగోలో ఇరవై ఏళ్లు. ఇక్కడ సిటీ వాళ్లు ఇలాంటివి ఎలా చేస్తారో చెప్తాను, పనికొస్తే చూడండి. టిఫ్ అని ఒకటుంది. ఒక ఏరియాని గీత గీసి, ఆ రోజు అక్కడ వచ్చే ఆస్తి పన్ను ఎంతో రాసుకుంటారు, తర్వాత కొత్త బిల్డింగులు వచ్చి పన్ను పెరిగితే ఆ పెరిగిన భాగం మామూలు ఖాతాలోకి పోకుండా ఆ ఏరియా పనులకే పక్కన పెడతారు. కాలిఫోర్నియాలో 1952లో మొదలైంది, మా ఇల్లినాయిలో ఒకసారి పెడితే 23 ఏళ్లు. మంచీ ఉంది చెడూ ఉంది. ఆ డబ్బు స్కూళ్లకి రావాల్సింది బిల్డర్లకి పోతోందని ఇక్కడ గొడవ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

నాకు నచ్చింది ఇంకోటి. 2001లో లాస్ ఏంజెలెస్‌లో స్టేపుల్స్ సెంటర్ అనే స్టేడియం పక్కన హోటళ్లు, షాపులు, ఫ్లాట్లు కలిపి పెద్ద ప్రాజెక్ట్ వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల అద్దెకుండేవాళ్లు, చిన్న పనివాళ్లు, చర్చిల వాళ్లు కలిసి డెవలపర్‌తో నేరుగా అగ్రిమెంట్ రాయించుకున్నారు. ఇళ్లలో 20 శాతం తక్కువ ఆదాయం వాళ్లకి అందుబాటు ధరలో ఉండాలి, ఉద్యోగాల్లో లోకల్ వాళ్లకి ముందు, పార్కులకి డబ్బు, ఇలా. అది వాళ్లకి ఎందుకు కుదిరిందంటే డెవలపర్‌కి సిటీ నుంచి రాయితీలు, పర్మిషన్లు కావాల్సిన టైమ్‌లోనే అడిగారు కాబట్టి. పర్మిషన్ వచ్చేశాక ఎవరూ మన ఫోన్ ఎత్తరు. మీ బిల్డర్‌కి ఇప్పుడు మీ సంతకం కావాలి, కార్పొరేషన్ నుంచి ఎత్తు కావాలి. అడగాల్సింది ఇప్పుడే.

మన దగ్గర కూడా లెక్క కష్టం కాదు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను క్యాపిటల్ వాల్యూ, అంటే ఆస్తి విలువ, మీద వేస్తున్నారు, ఇళ్లకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఇళ్లు కానివాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య. మీ చోట రెండు ఫ్లోర్ల షాపులు, ఆఫీసులు వస్తే కార్పొరేషన్‌కి ఇప్పటి కన్నా ఎన్నో రెట్లు వస్తుంది. అందులో కొంచెం మీ వీధి కాలవకీ, ఫుట్‌పాత్‌కీ పెట్టమని అడగడంలో తప్పేముంది?

కింద_షాపు

నమస్తే సార్, మేడం. నేను టైలర్ని. మీ బిల్డింగ్ కాదు, అక్కయ్యపాలెంలో ఇలాంటి బిల్డింగ్ కిందే నా షాపు, 9 అడుగులు 11 అడుగులు, 22 ఏళ్ల నుంచి. పైన ఫ్లాట్ల వాళ్ల జాకెట్లు, స్కూల్ యూనిఫాంలు, ఫాల్స్, అంతా నేనే. మా బిల్డింగ్ కూడా కూల్చుతారంట, పై వాళ్లకి ఫ్లాట్లు, షాపు ఓనర్‌కి పెద్ద షోరూం. నాకు నెల రోజుల్లో ఖాళీ చెయ్యమని చెప్పారు, నోటితోనే. అగ్రిమెంట్ 11 నెలలది ఒకసారి రాసుకున్నాం, మళ్లీ రాసుకోలేదు, అద్దె ఇస్తూ ఉన్నా తీసుకుంటూ ఉన్నారు.

పక్క వీధిలో షట్టర్ అడిగితే అడ్వాన్స్ మూడు లక్షలు అంటున్నారు. కొత్త బిల్డింగ్‌లో షాపు అద్దె అయితే నేను అడగను కూడా అడగను. రెండు కిలోమీటర్లు అవతలకి పోతే దొరుకుతుంది గానీ అక్కడ నన్ను ఎవరు గుర్తుపడతారు. కొలతల పుస్తకంలో 22 ఏళ్ల కొలతలు ఉన్నాయి, పెళ్లి జాకెట్ నుంచి మనవరాలి గౌను దాకా ఒకే ఇంటివి, అవి నేను మోసుకుపోతే వాళ్లు వస్తారా. మా ముందు చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడకి ఆ మాత్రం కూడా ఎవరూ చెప్పలేదు, పొద్దున్న జేసీబీ వస్తే తెలుస్తుంది.

మేడం, మీ కింద అయిదు షాపులు ఏంటివి?

సీతమ్మధార_సెకండ్‌ఫ్లోర్

అన్నా, మీరడిగిన ప్రశ్నకి సిగ్గుగా ఉంది, నా మొదటి పోస్టులో అయిదు షాపులు అని లెక్క చెప్పాను తప్ప వాళ్ల గురించి ఆలోచించలేదు. ఒకటి కిరాణా, ఒకటి జిరాక్స్ షాపు, ఒకటి పిండిమర, ఒకటి హోమియో డాక్టర్ గారిది, చివరిది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయనది. పిండిమర ఆవిడ మా అమ్మ మంచం పట్టినప్పుడు రాగులు ఆడించి పైకి తెచ్చిచ్చేవారు, లిఫ్ట్ లేదు మాకు. డ్రాఫ్ట్‌లో వాళ్ల గురించి ఒకే లైను ఉంది, 'ఖాళీగా స్వాధీనపరచవలెను'.

రిటైర్డ్_పోర్టు

అమ్మా, నేను పెద్దవాణ్ణి, తిన్నగా చెప్తాను. నాకు ఇది జరిగింది. మా అపార్ట్‌మెంట్ 12 ఫ్లాట్లు, అందరం సంతకం పెట్టాం, బిల్డర్ మంచివాడని నలుగురు చెప్పారు. పేరు చెప్పను, ఇప్పటికీ కోర్టులో ఉంది. మొదటి ఏడాది అద్దె టైమ్‌కి వేశాడు. తర్వాత రెండు నెలలకోసారి. మూడో స్లాబు దగ్గర ఆగిపోయింది. సెల్లార్‌లో వాననీళ్లు నిండి దోమలు, చుట్టుపక్కల వాళ్లు మమ్మల్నే తిట్టేవారు. మా ఆవిడ చివరి నాలుగేళ్లూ అద్దె ఇంట్లోనే గడిపి అక్కడే పోయింది, కొత్త ఇంట్లో దేవుడి గది తూర్పుకి పెట్టించుకోవాలని ప్లాన్ కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది, ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అందుకని అద్దె మాట మీద ఉండకండి, బ్యాంక్ గ్యారంటీ అడగండి. అది ఇవ్వలేనివాడు కట్టలేడు. రెరా, అంటే బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, దాని నంబరు లేకుండా ఒక్క ఫ్లాటు అమ్మనివ్వకండి. రెరాలో కొన్నవాళ్ల డబ్బు 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి, మాకు ఆ రక్షణ లేకపోయింది. జీపీఏ, అంటే మన తరఫున సంతకాలు పెట్టే అధికారం, కలిపిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేసేస్తే మళ్లీ వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకో మాట, నీళ్లు. ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఇన్ని చోట్ల నుంచి తెచ్చినా వేసవిలో మన వీధుల్లో ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి. 18 ఇళ్లున్న చోట 60 ఇళ్లు, షాపులు, ఆఫీసుల బాత్‌రూంలు పెడితే అదే పాత పైపు సరిపోతుందా? ఎవరూ అడగరు. అడగండి.

అల్లిపురం_అద్దె

బాబాయ్ గారూ, మీ పోస్ట్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి.

ప్లాన్_పాస్

పెద్దాయన చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం. దానికి తోడు నాలుగు మాటలు.

పర్మిషన్ ఇచ్చేటప్పుడు కార్పొరేషన్ కట్టే ఏరియాలో 10 శాతం మార్ట్‌గేజ్ పెట్టించుకుంటుంది, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ, అంటే ఇక కాపురం పెట్టొచ్చన్న సర్టిఫికెట్, తెచ్చుకున్నాకే విడుదల. ఆ 10 శాతంలో మీ ఓనర్ల ఫ్లాట్లు పెట్టేస్తారు కొందరు, తన వాటావి అమ్ముకుని వెళ్లిపోతారు. మార్ట్‌గేజ్ బిల్డర్ వాటాలోంచే పెట్టాలి అని రాయించండి. ముందు ఓసీ, తర్వాతే తాళాలు.

ట్యాక్స్ సంగతి. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 2017 నుంచి ఒక సౌకర్యం ఉంది, మామూలు వ్యక్తులు రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేసుకుంటే క్యాపిటల్ గెయిన్ (ఆస్తి మీద వచ్చే లాభం) సంతకం పెట్టిన ఏడాది కాదు, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది లెక్కకొస్తుంది. మధ్యలో మీ వాటా అమ్మితే ఆ లాభం పోతుంది. జీఎస్టీ మీ ఫ్లాట్లకి ఎవరు కడతారో స్పష్టంగా రాయించండి. ఇంకో చిన్న కిటుకు, మొత్తం కార్పెట్ ఏరియాలో కమర్షియల్ 15 శాతం లోపు ఉంటే షాపులకి కూడా ఇళ్ల లాగే 5 శాతం జీఎస్టీ, దాటితే షాపులకి 12. మీ బిల్డర్ మూడు ఫ్లోర్లు కమర్షియల్ అంటున్నాడు కాబట్టి కచ్చితంగా దాటుతుంది. అంటే ఆ షాపులు కొనేవాడు పెద్ద బ్రాండే తప్ప పిండిమర ఆవిడ కాదు.

ముంబైలో సొసైటీలకి 51 శాతం మంది ఒప్పుకుంటే చాలని రూల్ ఉంది, మన దగ్గర ఎవరి యూడీఎస్ వాళ్ల పేరు మీద రిజిస్టరై ఉంది కాబట్టి అందరి సంతకం లేకుండా ఏ బిల్డరూ ముందుకెళ్లడు. అది మీ బలం. 11 మంది రెడీ అంటే ఇంకా ఏడుగురు ఉన్నారు, వాళ్లతో కూర్చోండి.

టైలర్ అన్నా, ఇస్త్రీ బండి ఆవిడకి 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. అక్కణ్ణుంచి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆవిడ పేరు కార్పొరేషన్ సర్వేలో ఉందేమో, గుర్తింపు కార్డు ఉందేమో రేపే కనుక్కోండి. మీ షాపు మాత్రం అద్దె వ్యవహారం, అది వేరు. అద్దె ఆన్‌లైన్‌లో పంపిన రికార్డు, కరెంటు బిల్లులు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి లాయర్‌కి చూపించండి, నోటిమాటకి షట్టర్ తాళం ఇచ్చేయకండి.

కింద_షాపు

అద్దె చేతికే ఇస్తాను సార్. కానీ కరెంటు బిల్లు మాత్రం 22 ఏళ్లవీ ఉన్నాయి, డబ్బాలో పెట్టాను. ఇస్త్రీ ఆవిడకి కార్డు ఉందంట, లామినేషన్ చేయించి గొళ్లానికి వేలాడదీసుకుంది. రేపు ఇద్దరం వెళ్తాం.

చికాగో_వాల్తేరు

అన్నా, లాయర్ ఫీజు నేను పంపుతాను, మెసేజ్ చెయ్యండి. మా అమ్మ జాకెట్లు కూడా అక్కయ్యపాలెంలోనే కుట్టించుకునేది.

గాజువాక_గురు

మేడం, నేను మొదట సంతకం పెట్టేయండి అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కట్టించుకోండి, కానీ ఆదివారం కాదు. 14వ క్లాజు మారాకే.

సీతమ్మధార_సెకండ్‌ఫ్లోర్

అందరికీ, ఆదివారం మీటింగ్ అయ్యింది, ఏం జరిగిందో రాస్తున్నాను. 18 మందిలో 16 మంది వచ్చారు. నేను 14వ క్లాజు తెలుగులో రాసి అందరికీ కాపీలు ఇచ్చాను. కింద జిరాక్స్ అబ్బాయి డబ్బులు తీసుకోలేదు. రెడీ అన్న 11 మందిలో నలుగురికి టీడీఆర్ అంటే స్థలం ఓనర్లకి వచ్చేదని తెలీనే తెలీదు. బిల్డర్ తరఫు ఆయన మొదట 'అది ఫార్మాలిటీ' అన్నాడు, తర్వాత సార్‌ని అడిగి చెప్తా అన్నాడు. బ్యాంక్ గ్యారంటీ అన్నప్పుడు మొహం మారింది. నేవీ ఎన్‌ఓసీ ఇంకా అప్లై కూడా చెయ్యలేదట.

షాపుల విషయంలో గొడవ జరిగింది. షాపుల ఓనర్ 'నా షాపు, నా అద్దెదారులు, మీకెందుకు' అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, కాదనలేను. చివరికి మేమే ఒకటి అనుకున్నాం. టీడీఆర్ మా పేరు మీద వస్తే ఆ అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టి, కొత్త బిల్డింగ్ వెనక వైపు సందులోకి తెరుచుకునేలా అయిదు చిన్న గదులు మా అసోసియేషన్ పేరు మీద ఉంచాలి, ఇప్పుడున్న అయిదుగురికి ఇప్పటి అద్దె మీద ఏటా 5 శాతం కన్నా పెంచకుండా ఇవ్వాలి, కట్టినన్నాళ్లూ వాళ్లకి ఎక్కడైనా షట్టర్ చూపించాలి. చేతులెత్తమంటే 14 మంది ఎత్తారు. ఇద్దరు ఆలోచిస్తామన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు మా పక్క ఫ్లాట్ ఆయన, వాళ్లబ్బాయి పెళ్లి ఉంది, డబ్బు తొందర, ఆయన్ని నేను తప్పు పట్టను.

సంతకం ఎవరూ పెట్టలేదు. నెల టైమ్ అడిగాం. ఈలోగా వంటింటి సీలింగ్‌కి కింద నుంచి జాకీలు పెట్టించాను, ప్లాన్_పాస్ గారు చెప్పిన మేస్త్రీయే వచ్చాడు. కొత్త గదులు ఎంత సైజు ఉండాలి అని పిండిమర ఆవిడని అడిగితే, మర పెట్టాక మనిషి తిరగడానికి కనీసం ఎనిమిది అడుగులు కావాలి, త్రీ ఫేజ్ కరెంటు కావాలి అన్నారు. రాసుకున్నాను. మీలో ఎవరికైనా వెనక సందు ఎంత వెడల్పు ఉంటే ఫైర్ వాళ్లు ఒప్పుకుంటారో తెలిస్తే చెప్పండి.